గాలికి తెలియని తేడా

శ్రీకాళహస్తి గర్భాలయంలో ఒక దీపం ఎప్పుడూ రెపరెపలాడుతూ ఉంటుంది. చుట్టూ రాతిగోడలే తప్ప కిటికీ లేదు, గాలి వచ్చే దారీ కనిపించదు. అక్కడ కొలువైనది వాయులింగం కనుక ఆ కదలికకు వేరే కారణం వెతకాలని భక్తులకు తోచదు. ఏర్పేడులో ఉండేవాళ్లకు అది దాదాపు సొంత ఊరి గుడి; బస్సులో ఒక కునుకు తీసేలోగా చేరిపోవచ్చు. ఆ దీపాన్ని చూసివచ్చిన రోజు సాయంత్రం ఇంట్లో పాట పెట్టుకుని కూర్చుంటే, ముందుకూ వెనక్కూ ఆడే స్పీకరు కోన్ చేస్తున్నది కూడా ఇంతేగదా అనిపిస్తుంది. గాలిని కదపడం. ఆ పెట్టెకు అంతకుమించి మరో పని లేదు.

ఇంత చిన్న పనికి లోకంలో రెండు మతాలు ఏర్పడ్డాయి. మొదటి మతంలో యాంప్లిఫయర్ వేరు, స్పీకరు వేరు. యాంప్లిఫయర్ బల్లమీద దర్జాగా కూర్చుంటుంది. అందులో బలం పుంజుకున్న సిగ్నల్ రెండు తీగల మీదుగా స్పీకరు పెట్టెలోకి వెళ్తుంది. అక్కడ కాయిళ్లు, కెపాసిటర్లు బిగించిన చిన్న అట్ట ఒకటి ఉంటుంది. రేడియో మెకానిక్కులు దాన్ని డివైడర్ అంటారు. అది మంద్రస్వరాలను ఊఫర్‌కూ, తారస్వరాలను ట్వీటర్‌కూ పంచిపెడుతుంది. ఇది పాసివ్ పద్ధతి. రెండో మతంలో పంపకం ముందే జరిగిపోతుంది, సిగ్నల్ ఇంకా బలహీనంగా ఉన్నప్పుడే. పంచిన ఒక్కో వాటాకు ఒక్కో యాంప్లిఫయర్ చొప్పున కేటాయిస్తారు, అవన్నీ స్పీకరు పెట్టెలోనే ఇమిడిపోతాయి. ఇది యాక్టివ్ పద్ధతి. ఒకే యాంప్లిఫయర్‌ను లోపల దాచి, దాని వెనక పాత డివైడర్‌నే ఉంచి, పైన యాక్టివ్ అని అచ్చువేసి అమ్మేవీ బజారులో బోలెడు ఉన్నాయి. వేషధారులు లేని మతం ఎక్కడుంది?

ఇంజనీర్లనడిగితే ఈ వాదం ఎప్పుడో తేలిపోయిందంటారు. పాసివ్ పెట్టెలో యాంప్లిఫయర్‌కూ ఊఫర్‌కూ మధ్య ఒక కాయిల్ అడ్డు నిలుస్తుంది. దానివల్ల కోన్ మీద యాంప్లిఫయర్ పట్టు కొంత సడలుతుంది, కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది. యాక్టివ్‌లో ఆ అడ్డు లేదు. ప్రతి యాంప్లిఫయరూ తన వాటా స్వరాలను మాత్రమే చూసుకుంటుంది, తన ఎదుట ఉన్న స్పీకరు తత్త్వం దానికి ముందే తెలుసు. రికార్డింగు స్టూడియోల్లో ఈ పద్ధతి స్థిరపడి చాలా కాలమైంది. ఫిన్లాండులో జెనెలెక్ సంస్థ 1978లో పుట్టిందే రేడియో వాళ్లకు యాక్టివ్ మానిటర్లు చేసివ్వడానికి. మన కలకత్తా సోనోడైన్ కూడా స్టూడియోల కోసం అలాంటివే తయారుచేసింది. విచిత్రమేమంటే, పాటను తయారుచేసేవాళ్లు యాక్టివ్ మీద విని ఒప్పుకున్నదాన్ని, ఇంట్లో లక్షలు ఖర్చుపెట్టి వినేవాళ్లలో చాలామంది పాసివ్ మీదే వినాలని పట్టుబడతారు. ఓడిపోయినవాళ్ల శిబిరంలో ఇంత ఉత్సాహం ఎక్కడినుంచి వచ్చిందన్నదే ఆలోచించదగ్గ సంగతి.

నాకు తోచిన సమాధానం ఇది. ఏమీ చేయని స్పీకరు మనిషిచేత ఎన్నో పనులు చేయిస్తుంది. దానికి తగిన యాంప్లిఫయర్‌ను వెతకాలి. దొరికాక తీగల మందం గురించి నలుగురిని విచారించాలి. ఆరు నెలలకు ఆ యాంప్లిఫయర్‌లో మాధుర్యం తక్కువని అనుమానం రావాలి, మద్రాసులో ఎవరో పాతది అమ్ముతున్నారని తెలియాలి, వెళ్లి చూసి రావాలి. ఇన్ని చేస్తే ఆ పెట్టె పలుకుతుంది. అన్నీ తానే చేసుకునే స్పీకరు కొన్నవాడికి ఈ సంబరమేదీ లేదు. ప్లగ్గు పెట్టాక మిగిలేది పాట ఒక్కటే. పాట ఒక్కటే మిగలడం అందరికీ అంత సౌకర్యంగా ఉండదు. కాబట్టి పెట్టె చురుగ్గా ఉన్న ఇంట్లో యజమాని కుర్చీకే అంటుకుపోతాడు. పెట్టె సోమరిగా ఉన్న ఇంట్లో యజమానికి కూర్చునే తీరికే దొరకదు.

అతను పాటను విననే వినడు, పరికరాన్ని వింటాడు అని ఒక ఎగతాళి చాలాకాలంగా ఉంది. అందులో సగమే నిజం. కొత్త తీగ తేడా తెలుసుకోవాలన్న నెపంతో ఒకే కీర్తనను నలభైసార్లు విన్నవాడికి, అందులో తంబురా ఏ చోట కాస్త ముందుకు వస్తుందో, గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కంఠతా వచ్చేస్తుంది. భక్తితో కళ్లు మూసుకుని విన్నవాడు ఆ ఊపిరిని ఎన్నడూ గమనించి ఉండడు. తీగ మార్చడం వల్ల పాట మారిందో లేదో చెప్పలేం కాని, వినే చెవి మాత్రం మారింది. ఆ ఖర్చును సంగీతశిక్షణ పద్దుకింద రాసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి.

పాసివ్ పాత పద్ధతి, యాక్టివ్ కొత్తదని ఒక నమ్మకం ఉంది. చరిత్ర అంత వరసగా నడవలేదు. మనం నేటికీ వాడుతున్న తరహా స్పీకరును, అంటే కాగితపు కోన్‌కు కాయిల్ అంటించి అయస్కాంతం మధ్య ఆడించే పద్ధతిని, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ఒక కొలిక్కి తెచ్చారు. మరుసటి ఏడు అది రేడియోలా 104 అన్న పేరుతో అంగళ్లకు వచ్చింది. చెక్క బీరువాలాంటి ఆ పెట్టెలో స్పీకరుతోబాటు ఒక్క వాటు శక్తిగల యాంప్లిఫయర్‌నూ అమర్చారు. పంపకాలు లేవు, ఉన్నది ఒకే కోన్. అయినా యాంప్లిఫయర్ పెట్టెలోనే ఉంది కనుక వంశంలో పెద్దవాడు సొంత కరెంటుమీద బతికినవాడే. ఆ రోజుల్లో గట్టి శాశ్వత అయస్కాంతాలు సులువుగా దొరికేవి కావు. అందుకని చాలా స్పీకర్లలో అయస్కాంతానికి కూడా కరెంటు పెట్టి పోషించవలసి వచ్చేది. మేలైన శాశ్వత అయస్కాంతాలు వచ్చిన తర్వాతే స్పీకరు గోడనున్న ప్లగ్గుతో సంబంధం తెంచుకుని, ఏమీ కోరని పెట్టెగా ఒక మూలన కూర్చోగలిగింది. ఊరక కూర్చోవడం కూడా సాధించుకోవలసిన విద్యే అని ఇక్కడ తెలుస్తుంది.

అదే 1926లో మలయాళ స్వామి ఏర్పేడు దగ్గర వ్యాసాశ్రమాన్ని స్థాపించారు. రేడియోలాకూ ఆశ్రమానికీ ఏ సంబంధమూ లేదు, ఏడాది కలిసింది, అంతే. అయినా నాకు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం సరదా. వేదాంతమూ సంస్కృతమూ కొందరి చెవులకే చేరుతున్న కాలంలో, కులం చూడకుండా, ఆడా మగా తేడా లేకుండా వాటిని అందరికీ చెప్పాలని ఆయన పూనుకున్నారు. రేడియోను చాలామంది చెవులకు తొడుగు తగిలించుకుని ఒంటరిగా వింటున్న కాలంలో, దాన్ని గదిలో ఉన్న అందరికీ వినిపించాలని ఆ ఇంజనీర్లు పూనుకున్నారు. ఒక చెవికి చెప్పేది నలుగురికీ వినబడితే దాని విలువ తగ్గుతుందని అప్పుడూ అన్నవాళ్లున్నారు, ఇప్పుడూ హెడ్‌ఫోను ప్రియులు అంటూనే ఉన్నారు.

మన వైపు పల్లెలకు శబ్దం వచ్చిన దారి వేరు. పంచాయతీ రేడియో అంటే లోపల గదిలో తాళం వేసిన సెట్టు, బయట జనానికి వినబడేలా బిగించిన స్పీకరు. ఆ తర్వాత మైకు సెట్టు. పెళ్లికైనా జాతరకైనా పందిరి పక్కన బల్లమీద ఆహూజా యాంప్లిఫయర్, చింతచెట్టు కొమ్మకు కట్టిన గొట్టాలు, మధ్యన ఎంతో దూరం పాకే తీగ. అంత దూరం పోయేసరికి శక్తి తీగలోనే హరించుకుపోకుండా 100 వోల్టుల లైనుమీద పంపి, గొట్టం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌తో దించుకుంటారు. ఇక్కడ పాసివ్ పద్ధతిని ఎంచుకోవడానికి కారణం సిద్ధాంతం కాదు. యాంప్లిఫయర్ చెట్టెక్కి కూర్చుంటే, అది మొరాయించినప్పుడల్లా మనిషి కూడా చెట్టెక్కాలి. వానొస్తే చెప్పనే అక్కర్లేదు. తిరుపతి గంగమ్మ జాతర వేళ వీధి వీధినా మోగే మైకుల కింద నిలబడి ఇది హైఫై కాదు అని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదన ఎవరికీ వినబడదు.

మా చిన్నప్పటి రోజుల్లో కోడూరు, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు తెచ్చిన నేషనల్ పానసోనిక్ టేప్‌రికార్డర్లు ఊళ్లలో ఒక వెలుగు వెలిగాయి. రేడియో, టేపు, యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు, పైన మోసుకుపోవడానికి పిడి, అన్నీ ఒకే పెట్టె. దాన్ని చూసి వేరుగా ఉన్నవే మేలు అనాలని అప్పుడు ఎవరికీ అనిపించలేదు. కువైట్‌లో చుట్టాలు లేనివాళ్లకు మరో మార్గం ఉండేది. మద్రాసు రిచీ స్ట్రీటుకు వెళ్లి సామాను కొనుక్కొచ్చి, మెకానిక్కుచేత సెట్టు అసెంబుల్ చేయించుకోవడం. సౌండు బాక్సు చేయించే స్తోమత లేకపోతే స్పీకరును కుండ మూతిమీద బోర్లించేవారు. ఆ కుండ మాయేమీ చేయదు. విడిగా ఉన్న కోన్ ముందుకు తోసిన గాలిని దాని వెనకవైపు లాగేసుకుంటుంది, అందుకే మంద్రం పలకదు. కుండ ఆ వెనక గాలిని తనలో పట్టి ఉంచుతుంది. అంత తేలికైన ఉపాయం. స్పీకరు పెట్టెల గురించి పుస్తకాలు రాసినవాళ్లు ఎన్ని లెక్కలు వేసినా మొదలు అక్కడే. కుమ్మరి వాడలో దొరికేదానికి వాళ్లు ఇంకా నునుపైన ఆకారం, భారీ ధర జోడించారు.

యాక్టివ్, పాసివ్ తగవులో నాకు అన్నిటికంటే ఆకర్షణీయంగా కనిపించేది పంపకం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. తిరుపతి చుట్టుపక్కల ఆ గొంతు వినకుండా తెల్లవారిన ఇల్లు అరుదు. ఆమె పాడినప్పుడు అది ఒకే గొంతు. స్పీకరులోకి వచ్చేసరికి దాన్ని రెండుగా కోస్తారు. కోసేచోటు సాధారణంగా 2,000, 3,000 హెర్ట్‌జుల మధ్య ఉంటుంది, అంటే మన చెవి అన్నిటికంటే చురుగ్గా ఉండే ప్రాంతానికి సరిగ్గా పక్కనే. అచ్చుల గాంభీర్యం చాలామటుకు ఊఫర్ వంతుకు, సకారాల మెరుపు ట్వీటర్ వంతుకు పోతాయి. రెండు వేర్వేరు చోట్ల నుంచి బయలుదేరిన ఆ ముక్కలు మళ్లీ ఒక్క గొంతు కావడం పెట్టెలో జరగదు, తీగలో జరగదు. బయట గాలిలో జరుగుతుంది.

ఆ కలయిక అతుకు తెలియకుండా ఎలా జరగాలన్నదానికి 1976లో సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ ఒక మంచి సమాధానం చెప్పాడు. హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో పనిచేసే ఆ జర్మన్ ఇంజనీరు సహోద్యోగి రస్ రైలీతో కలిసి రూపొందించిన పద్ధతికి ఇప్పుడు వాళ్లిద్దరి పేర్లూ కలిపి వాడుతున్నారు. పంపకం జరిగే చోట ఊఫర్, ట్వీటర్ రెండూ తమ ఎత్తును సరిగ్గా సగానికి తగ్గించుకోవాలి. ఎవరూ మొత్తం వదులుకోకూడదు, ఎవరూ మొత్తం నాదే అనకూడదు. అప్పుడు రెండు సగాలూ గాలిలో కలిసి పూర్తి స్వరం అవుతాయి. ఇందులో ఇంకో చమత్కారం ఉంది. ఆ పద్ధతిలో బాగా ప్రాచుర్యంలో ఉన్న రకంలో, రెండు వాటాల్లో ఒకటి రెండోదానికంటే పూర్తిగా ఒక చుట్టు వెనకబడి ఉంటుంది. గుడిచుట్టూ ప్రదక్షిణ చేసే ఇద్దరిలో ఒకరికి ఒక ప్రదక్షిణ తక్కువైనా, పక్కపక్కనే నడుస్తూ కనిపిస్తారు కదా. లెక్క తెలిసినవాడు ఎవరి మొక్కు ఇంకా మిగిలి ఉందో చెప్పగలడు కాని, చూసేవాడికి ఇద్దరూ ఒకే అడుగు వేస్తున్నారు.

ఈ పంపకాన్ని డివైడర్ అట్టమీద కాయిళ్లు, కెపాసిటర్లతో చేయించడం సాధ్యమే. కాని ఆ అట్ట ఎదుట ఉన్న స్పీకరు కాయిల్ వేడెక్కినకొద్దీ స్వభావం మార్చుకుంటుంది, స్వరాన్నిబట్టి తన నిరోధాన్నీ మార్చుకుంటుంది. మారే మనిషితో మారని ఒప్పందం రాసుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. యాక్టివ్‌లో పంపకం ఆ చపలత్వం అంటని చోట జరుగుతుంది కనుక లెక్క తప్పదు. మంచి పాసివ్ స్పీకరు తయారుచేసినవాణ్ని అందుకే నేను కాస్త ఎక్కువ గౌరవిస్తాను. గుప్పెడు జడపదార్థాలతో, ఒక్క చుక్క కరెంటు అదనంగా అడగకుండా, అతను ఆ తిరకాసును దారికి తెచ్చాడు.

ఇక ఎవరు ఎంత పనిచేస్తున్నారన్న లెక్క తీస్తే ఇరుపక్షాలూ తలవంచుకోవాలి. ఇంట్లో వాడే మామూలు స్పీకరు తనకందిన విద్యుత్తులో నూటికి ఒక పాలు కూడా శబ్దంగా మార్చదు. తక్కినదంతా వేడే. చింతచెట్టు మీది గొట్టం ఈ విషయంలో ఎన్నో రెట్లు నయం. ఎండాకాలంలో ఏర్పేడులో కూర్చుని, తెచ్చుకున్న శక్తిలో తొంభైతొమ్మిది పాళ్లు గదిని వెచ్చబరచడానికి వాడే యంత్రాన్ని చురుకైనదని మెచ్చుకోవడానికి కొంత వైరాగ్యం కావాలి.

ఆయుర్దాయం మాటకొస్తే పాసివ్‌ది పైచేయి. కదిలేది కోన్ ఒక్కటే, చెడేదీ చాలామటుకు అదే. ముప్పై ఏళ్లనాటి స్పీకరుకు అంచున ఉండే ఫోమ్ పొడి రాలిపోతే కొత్త అంచు అంటిస్తారు, కాయిల్ కాలిపోతే కొత్తది చుడతారు. యాక్టివ్‌లో వోల్టేజి ఒక్కసారి ఎగిసిపడితే సర్క్యూట్ బోర్డు పోతుంది, ఆ బోర్డు తయారుచేసిన కంపెనీ అప్పటికి కొత్త మోడల్‌లోకి మారిపోయి ఉంటుంది. ఈ సంగతి ఎత్తితే మాకు తెలిసిన ఒక మెకానిక్కు నిట్టూర్చి, "అంతా వొక పెట్టెలోనే పెట్టేసినారు గదా సార్. ఇంక మాకేం మిగిలుండాది చేసేదానికి?" అన్నాడు. పక్కనే ఐఐటీ, ఐసర్ వెలిశాక ఏర్పేడుకు దేశం నలుమూలల నుంచీ కుర్రకారు వస్తున్నారు. అలాంటి పిల్లల చేతిలో ఉండేది అరచేతిలో ఇమిడే బ్లూటూత్ స్పీకరు. బ్యాటరీ, యాంప్లిఫయర్, రేడియో అన్నీ అందులోనే. యాక్టివ్ పక్షం గెలిచిందన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు. ఓడిపోయినవాడి ఊసు తెలియనంతగా గెలవడం గెలుపులో ఏ మెట్టో మరి.

కంపెనీలు మాత్రం ఏ మతానికీ కట్టుబడలేదు. ఇంగ్లండు కెఫ్ వాళ్లు 2012లో ఎల్‌ఎస్ 50 అనే పాసివ్ స్పీకరు తెచ్చారు, నాలుగేళ్ల తర్వాత యాంప్లిఫయర్లను కడుపులో పెట్టి యాక్టివ్‌గా మళ్లీ తెచ్చారు. ఎదురుగా కూర్చున్నవాడికి కనిపించే ముఖం దాదాపు అదే. ఎవరి నమ్మకం వారు కొనుక్కోవచ్చు.

ఈ రెంటిలో ఏది ఇంటికి తెచ్చినా దాని తుదిరూపం నిర్ణయించేది గది. మన ఇళ్లకు కాంక్రీటు కప్పు, గ్రానైటు నేల, సున్నం పూసిన బోడిగోడలు. చిత్తూరు సీమలో గ్రానైటుకు కొదవ లేదు, నేలంతా అద్దంలా పరిచి మురిసిపోతాం. చప్పట్లు కొడితే గది తిరిగి చప్పట్లు కొడుతుంది. గోడకు కాళహస్తి కలంకారీ గుడ్డ వేలాడదీస్తే చూపుకు బాగుంటుంది, తారస్వరాలను కొంచెం మింగుతుంది. మంద్రం జోలికి మాత్రం పలుచటి నూలుగుడ్డ పోలేదు. దానికి బొంతలు, పరుపులు, బట్టలతో కిక్కిరిసిన అల్మారాలు కావాలి. ఆ లెక్కన ఇంట్లో అన్నిటికంటే చక్కగా వినిపించే గది పడకగది, అన్నిటికంటే అధ్వానంగా వినిపించేది అతిథుల కోసం అలంకరించిన హాలు. స్పీకర్లు పెట్టేది హాల్లోనే.

ఆ హాల్లో కూడా ఎక్కడ పెట్టాలన్నది కొన్నవాడి చేతిలో ఉండదు. పుస్తకాలు గోడకు మూడడుగులు ఎడంగా, గది మధ్యకు జరిపి పెట్టమంటాయి. ఇంట్లోవాళ్లు తిరిగే దారికి అడ్డమంటారు. చివరికి రెండూ చెరో మూలకు చేరతాయి. మూలకు చేరిన స్పీకరుకు రెండు గోడలూ నేలా వంతపాడతాయి, మంద్రం అవసరానికి మించి ఉబ్బిపోతుంది. చాలా యాక్టివ్ స్పీకర్లకు వెనకవైపు ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. గోడ పక్కన పెట్టినా మూలన పెట్టినా దాన్ని జరిపితే ఆ ఉబ్బు ఆమేరకు తగ్గిపోతుంది. తయారుచేసిన ఇంజనీరు ఎవరోగాని, పెళ్లయినవాడై ఉండాలి. సిద్ధాంతాల మాట ఎలా ఉన్నా, ఆ స్విచ్చి కోసం నేను యాక్టివ్ పక్షానికి ఒక మార్కు ఎక్కువ వేస్తాను.